ఒంట్లో బాగోక కోర్సులు వదిలేశారా? ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్‌కు ముందు ఈ జాగ్రత్తలు

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు) ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకునే పిల్లలకు అక్టోబర్, నవంబర్ నెలలు గండంలాంటివే. మిడ్‌టర్మ్‌లూ అప్పుడే, అప్లికేషనూ అప్పుడే. సరిగ్గా ఆ సమయానికే జబ్బు చేస్తే ఇక చెప్పేదేముంది. మనవాళ్ల టెన్షనంతా, కోర్సు మధ్యలో వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ (గ్రేడ్ల రికార్డు) మీద పడే డబ్ల్యూ (విత్‌డ్రాయల్) గుర్తు గురించే. నన్నడిగితే, డబ్ల్యూ పడుతుందని ఏమీ చేయకుండా ఊరుకోవడమే అసలు ప్రమాదం.

మా అక్క కొడుక్కి అక్టోబర్‌లో కామెర్లు వచ్చాయి. నెలన్నర మంచం దిగలేదు. కోర్సుల సంగతేమిట్రా అంటే, "వెళ్లకపోతే వాళ్లే తీసేస్తారులే అనుకున్నా పిన్నీ" అన్నాడు. ఒక కోర్సులో నిజంగానే తీసేశారు. మిగతా రెండింటిలో ఎఫ్‌లు (ఫెయిల్ గ్రేడ్లు) పడ్డాయి. డబ్ల్యూ జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలవదు, ఎఫ్ మాత్రం సున్నాగా కలుస్తుంది. డ్రాప్ చేసుకునే ఆఖరి తేదీ కాలేజీ క్యాలెండర్‌లో ఉంటుంది. టర్మ్‌లో 75 శాతం గడిచాక ఇక ఆ అవకాశం ఉండదు. ఆ తేదీని టర్మ్ మొదలైన రోజే ఫ్రిజ్ మీద అంటించండి.

అంతకంటే మంచి దారి ఒకటుంది, చాలామందికి తెలియదు. దాన్ని ఎక్స్‌క్యూజ్డ్ విత్‌డ్రాయల్ అంటారు, ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఈడబ్ల్యూ అని పడుతుంది. జబ్బు, యాక్సిడెంట్, ఇంట్లో మరణంలాంటి కారణాలకు రుజువు చూపిస్తే ఇస్తారు. ఒకే కోర్సును మూడుసార్లకు మించి డబ్ల్యూతో వదలకూడదన్న లెక్కలోకి ఇది రాదు. సగం యూనిట్లు (క్రెడిట్లు) పూర్తికాలేదని పెట్టే ప్రొబేషన్ (చదువు వెనకబడిందన్న హెచ్చరిక) లెక్కలోకీ రాదు. టర్మ్ అయిపోయాక కూడా అర్జీ పెట్టుకోవచ్చు. మావాడి ఎఫ్‌లు అలాగే పోయాయి, కాకపోతే ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాడు. డాక్టర్ లెటర్‌లో జబ్బు పేరు కన్నా తేదీలు ముఖ్యం: ఎప్పటి నుంచి ఎప్పటిదాకా క్లాసుకు వెళ్లలేకపోయారో స్పష్టంగా రాయించుకోండి.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకైతే వరుస తప్పితే ముప్పే. 12 యూనిట్ల కంటే కిందికి దిగేముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ (విద్యార్థి వీసాల సంగతి చూసే అధికారి) అనుమతి తీసుకోవాలి, డ్రాప్ ఆ తర్వాతే. ముందు డ్రాప్ కొట్టేసి తర్వాత చెబుదామనుకుంటే స్టేటస్‌కే ఎసరు. అనారోగ్యం మీద ఇచ్చే ఈ సడలింపు ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలలే, అదీ టర్మ్ టర్మ్‌కూ మళ్లీ తీసుకోవాలి. హెచ్-4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడిన) పిల్లలకు ఈ బెడద లేదు.

ఫెడరల్ ఎయిడ్ (చదువుకు ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం) తీసుకునేవాళ్లు మరో సంగతి చూసుకోవాలి. ఎయిడ్ ఆఫీసు ఈడబ్ల్యూను కూడా మొదలుపెట్టి పూర్తిచేయని కోర్సుగానే లెక్కేస్తుంది. టర్మ్‌లో 60 శాతం గడవకముందే అన్ని కోర్సులూ వదిలేస్తే కొంత డబ్బు వెనక్కి కట్టాల్సి రావచ్చు. ఎయిడ్ ఆగిపోతే అనారోగ్యం కారణం చూపి అప్పీల్ చేసుకోవచ్చు.

ఇక అప్లికేషన్. యూసీకి డబ్ల్యూలతో సహా ప్రతి కోర్సూ చూపించాల్సిందే, దాచొద్దు. కోర్సుల వివరాల దగ్గర అదనపు వివరణకు ఒక చిన్న బాక్స్ ఉంటుంది. మావాడు మొదట అందులో హాస్పిటల్ కథంతా రాశాడు. కొట్టేయించి ఇంతే పెట్టించాను: "అక్టోబర్‌లో కామెర్లు వచ్చి ఆరు వారాలు క్లాసులకు వెళ్లలేకపోయాను. మూడు కోర్సులు ఆగిపోయాయి. తర్వాతి సెమిస్టర్‌లో 13 యూనిట్లు పూర్తిచేశాను. ఆగిన కెమిస్ట్రీ మళ్లీ చదివి 'ఏ' గ్రేడ్ తెచ్చుకున్నాను." చదివేవాళ్లు వెతికేది ఆ చివరి రెండు వాక్యాల కోసమే. 350 పదాల వ్యాసాలు నాలుగుంటాయి, నాలుగింట్లోనూ జబ్బు గురించే రాయకండి.

వదిలేసింది మేజర్‌కు తప్పనిసరి కోర్సయితే, అది మళ్లీ ఏ టర్మ్‌లో దొరుకుతుందో ఇప్పుడే కౌన్సిలర్‌ను అడగండి. కొన్ని కాలేజీల్లో ఫిజిక్స్ సిరీస్‌లో ఒక్కటి తప్పినా ఏడాది ఆగాల్సిందే. ట్యాగ్ గ్యారెంటీ (షరతుల మీద కొన్ని యూసీ క్యాంపస్‌లు ముందే ఇచ్చే అడ్మిషన్ హామీ) ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఒప్పుకున్న కోర్సులు, 60 సెమిస్టర్ యూనిట్లు స్ప్రింగ్ చివరికల్లా పూర్తికాకపోతే ఆ గ్యారెంటీ నిలవదు.

నవంబర్ తర్వాత గ్రేడ్లూ కోర్సులూ మారితే జనవరిలో యూసీకి ఇచ్చే అప్‌డేట్‌లో పెట్టాలి. అడ్మిషన్ వచ్చాక స్ప్రింగ్‌లో మళ్లీ జబ్బు చేస్తే, ముందు ఆ క్యాంపస్ అడ్మిషన్స్ ఆఫీసుకు పోర్టల్‌లో రాయండి. వాళ్ల జవాబు చూసుకునే డ్రాప్ బటన్ నొక్కండి.