కార్డ్‌లెస్ డ్రిల్ ఎంచుకోవడం ఎలా? ముందు మీ గోడ సంగతి తేల్చుకోండి

డ్రిల్ మిషన్ కొందామని చూడటం మొదలుపెట్టగానే కళ్ల ముందుకు వచ్చేవి వోల్టులు. 12, 18, 20, 21... అంకె ఎంత పెద్దదైతే మిషన్ అంత గట్టిదని చాలామంది అక్కడే నిర్ణయం చేసేస్తారు. దయచేసి వోల్టులతో మొదలుపెట్టొద్దు. బెజ్జం దేనికి వేస్తారు అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే, మిగతా సగం బ్యాటరీ తేలుస్తుంది.

1. దేనికి బెజ్జం వేస్తారో చూసుకోండి

చెక్క, ప్లైవుడ్, పలచటి రేకు, స్క్రూలు బిగించడం, విప్పడం. మీ పని ఇంతవరకే అయితే మామూలు డ్రిల్ డ్రైవర్ (దెబ్బలు కొట్టకుండా తిప్పడం మాత్రమే చేసేది) చాలు, దీని గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. గోడ అనగానే లెక్క మారుతుంది. అందులోనూ ఇటుక గోడ వేరు, కాంక్రీటు వేరు.

ఏ గోడో తెలుసుకోవడం కష్టమేం కాదు. పాత మేకు ఊడిన చోట స్క్రూడ్రైవర్‌తో లోపలికి గీకండి, లేదా ఎవరిదైనా మిషన్ అడిగి తెచ్చి, బీరువా వెనకలాంటి మరుగు చోట ఒక చిన్న బెజ్జం వేసి రాలే పొడిని గమనించండి. (స్విచ్ బోర్డులకు సూటిగా పైనా కిందా మాత్రం వేయకండి, లోపల వైర్లు పోయేది అటే.) మొదట రాలేది బూడిద రంగు ప్లాస్టర్. అది ఒకటి రెండు సెంటీమీటర్లకే అయిపోయి పొడి ఎర్రగా మారి, బిట్ (మిషన్ ముందు బిగించే, బెజ్జం వేసే పుల్ల) తేలిగ్గా దిగుతుంటే లోపల ఉన్నది ఎర్ర ఇటుక. పొడి బూడిద రంగులోనే ఉన్నా బిట్ హాయిగా దిగిపోతోందంటే సిమెంటు బ్లాకు కావచ్చు. అదే పొడి చిటికెడు చిటికెడుగా వస్తూ, బిట్ కీచుమని తిరుగుతున్నా ముందుకు కదలకపోతే అది కాంక్రీటు. స్తంభాలు, బీములు, స్లాబు ఉన్నచోట ఇలాగే ఉంటుంది, లోపల ఇనుప చువ్వలు కూడా తగలొచ్చు.

ఇటుకకీ బ్లాకులకీ సుత్తి గుర్తున్న హ్యామర్ డ్రిల్ సరిపోతుంది. దీని లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతూ నిమిషానికి 20 వేలు, 30 వేలు చిన్న చిన్న దెబ్బలు కొడతాయి. దెబ్బలు ఎక్కువే కానీ ఒక్కొక్కటి చాలా చిన్నది, మీరు వెనక నుంచి గట్టిగా నొక్కితే తప్ప పని జరగదు. రోటరీ హ్యామర్ పద్ధతే వేరు. లోపల పిస్టన్ గాలిని నొక్కి, ఆ ఒత్తిడితో బిట్‌ని కొడుతుంది. నిమిషానికి దెబ్బలు నాలుగైదు వేలే, కానీ ఒక్కో దెబ్బ ఎంతో బలమైనది. ఒక్కో దెబ్బ శక్తిని జౌల్స్‌లో చెబుతారు, చిన్న మిషన్లలోనే అది ఒకటి రెండు జౌల్స్ ఉంటుంది. కాంక్రీటులో హ్యామర్ డ్రిల్‌తో మోచేతులు నొప్పి పుట్టేదాకా నొక్కి వేసే బెజ్జాన్ని ఇది తన బరువుతోనే వేసేస్తుంది. దీనికి పట్టేది గాడులున్న ఎస్‌డీఎస్ ప్లస్ బిట్, మామూలు బిట్ ఇందులో నేరుగా కూర్చోదు.

అందుకే అంటున్నాను, మీవి ఎక్కువగా కాంక్రీటు గోడలై, తరచూ పని ఉంటే రోటరీ హ్యామరే తీసుకోండి. ఏడాదికో రెండేళ్లకో రెండు బెజ్జాలంటే ఆ పూటకి అద్దెకో అరువుకో తెచ్చుకుని, మీకోసం చిన్న డ్రిల్ కొనుక్కోవడం మేలు. హ్యామర్ డ్రిల్‌కి ఎన్ని వోల్టులు పెంచినా అది రోటరీ హ్యామర్ కాదు.

ఇంపాక్ట్ డ్రైవర్ అని ఇంకోటి కనిపిస్తుంది. అది స్క్రూని తిప్పే దిశలోనే కొడుతూ బిగిస్తుంది, పొడవాటి స్క్రూలకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. గోడకి బెజ్జం వేయడానికి మాత్రం అది కొనొద్దు.

2. వోల్టుల లెక్క

లిథియం అయాన్ సెల్ ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు. మూడు కలిపితే 10.8, దాని మీద 12 అని రాస్తారు. ఐదు కలిపితే 18, ఆ ఐదే నిండా చార్జ్ అయినప్పుడు 20, 21 దాకా చూపిస్తాయి. అంటే 18, "20 మ్యాక్స్", 21 అని మూడు పెట్టెల మీద మూడు రకాలుగా ఉన్నా లోపల ఉండేది దాదాపు ఎప్పుడూ అదే ఐదు సెల్స్ వరస. నిజంగా పోల్చాలంటే వోల్టులని ఆంపియర్ అవర్లతో (బ్యాటరీ మీద Ah అని ఉంటుంది) గుణించండి. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లు అయితే 36 వాట్ అవర్లు, అదే 4 అయితే 72. బ్యాటరీలో ఎంత సరుకుందో చెప్పేది ఈ లెక్కే.

ఇంటి వాడకానికి నా సలహా: చెక్క, స్క్రూలు అయితే 12 వోల్టులది, గోడ పని ఉంటే 18. చిన్నది బ్యాటరీతో కలిపి కిలో అటూ ఇటూ ఉంటుంది, పెద్దది కిలోన్నర, రెండు కిలోలు. నిచ్చెన మీద చెయ్యి పైకెత్తి కర్టెన్ రాడ్ బిగించేటప్పుడు ఆ తేడా భుజానికి బాగా తెలుస్తుంది. ఇక 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటి కన్నా 2 వి రెండు ఉండటం నయం, ఒకటి చార్జింగ్‌లో ఉంటే రెండోదానితో పని సాగుతుంది.

3. ఏ బ్యాటరీతో ముడిపడుతున్నారో గమనించండి

ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా ఇంకో కంపెనీ మిషన్‌కి ఎక్కదు. ఒకే కంపెనీలో కూడా అన్నీ కలవవు. బాష్‌నే తీసుకోండి, ఆకుపచ్చ రంగు మిషన్ల 18 వోల్ట్ బ్యాటరీ నీలం రంగు ప్రొఫెషనల్ మిషన్లకి పట్టదు. రేపు రంపమో గ్రైండరో కొనాలనుంటే అదే బ్యాటరీతో నడిచేవి ఆ కంపెనీలో ఉన్నాయా అని ఇప్పుడే చూసుకోండి. ధర మరీ తక్కువగా కనిపిస్తే అది బ్యాటరీ, చార్జర్ లేని వట్టి మిషనేమో చదవండి. చార్జర్ ఎన్ని ఆంపియర్లో కూడా చూడాలి, 0.4 ఆంపియర్లదైతే 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండటానికి ఐదు గంటలు దాటుతుంది.

4. మిగతా అంకెలు

టార్క్ అంటే తిప్పే బలం, అది న్యూటన్ మీటర్లలో ఉంటుంది. హార్డ్ (గట్టి వస్తువులో), సాఫ్ట్ (చెక్కలాంటి మెత్తటి దాంట్లో) అని రెండు అంకెలిస్తే హార్డ్ ఎప్పుడూ పెద్దది, ప్రకటనలో కనిపించేది అదే. కాబట్టి రెండు మిషన్లని పోల్చేటప్పుడు హార్డ్‌ని హార్డ్‌తోనే పోల్చండి. బ్రష్‌లెస్ మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు ఉండవు, అదే బ్యాటరీతో ఎక్కువ పని చేస్తుంది, బడ్జెట్ ఉంటే అదే తీసుకోండి. చక్, అంటే బిట్‌ని పట్టుకునే ముందు భాగం, 10 మిల్లీమీటర్లు ఇంటికి చాలు, లావు బిట్లు వాడేవాళ్లకి 13. గేర్లు రెండు ఉండాలి, నెమ్మదిది స్క్రూలకి, వేగంది సన్న బెజ్జాలకి.

చక్ వెనక అంకెల రింగు ఉంటుంది, అదే క్లచ్. ఇది లేనిదాన్ని స్క్రూల పనికి కొనకండి. సరైన అంకె మీద పెడితే స్క్రూ తల చెక్కకి ఆనగానే మిషన్ టకటకమని జారి, తిప్పడం ఆపేస్తుంది. క్లచ్ లేకపోతే తల చెక్కలోకి దిగబడిపోతుంది, లేదా దాని మీది ప్లస్ గాడి అరిగి స్క్రూ మళ్లీ బయటికి రాదు.

5. చేత్తో పట్టుకుని చూడండి

బ్యాటరీ పెట్టే పట్టుకోండి, వట్టి మిషన్ బరువు చూసి మోసపోవద్దు. ట్రిగ్గర్‌ని వేలితో మెల్లగా నొక్కితే చక్ నత్తలా కదలడం మొదలెట్టాలి, వదిలితే వెంటనే ఆగాలి. పొడవాటి బిట్ బిగించి నెమ్మదిగా తిప్పుతూ కొననే చూడండి, అది వణుకుతూ సున్నా చుడుతుంటే వేరే బిట్ పెట్టి చూడండి. అప్పుడూ అంతే అయితే చక్‌లోనే తేడా ఉంది, ఆ మిషన్ వదిలేయండి. గోడ పనికైతే పక్క పిడి కూడా అడగండి, బిట్ చువ్వకి తగిలి బిగుసుకుంటే మిషన్ మణికట్టుని మెలితిప్పేస్తుంది.

6. బిట్లకి డబ్బు మిగుల్చుకోండి

చెక్కకి మధ్యలో మొన ఉన్నవి, ఇనుముకి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్), గోడకి కార్బైడ్ తల ఉన్నవి. ఒకదాని పని ఇంకోదానితో చేయొద్దు. నాలుగైదు మంచి బిట్లు, కళ్లలో పొడి పడకుండా రక్షణ అద్దాలు మిషన్‌తో పాటే తెచ్చుకోండి. తెచ్చిన రోజే పాత చెక్క ముక్క మీద రెండు గేర్లూ, క్లచ్ అన్ని అంకెలూ, వెనక్కి తిప్పే బటనూ వాడి చూసి, గోడలో ఒక బెజ్జం వేయండి. లోపం ఏదైనా ఉంటే వాపసు గడువు దాటకముందే బయటపడాలి.