నడక పరీక్షకు, మెట్టు పరీక్షకు ముందు జాగ్రత్తలు

ట్రెడ్‌మిల్లు లేకపోయినా గుండె, ఊపిరితిత్తుల సత్తాను ఆరు నిమిషాల నడకతోనో (ఎంత దూరం నడిచారో చూసి), మూడు నిమిషాల మెట్టు పరీక్షతోనో (మెట్టు ఎక్కి దిగాక నాడి ఎంతుందో చూసి) అంచనా వేయవచ్చు. ఊళ్లో పెద్దవాళ్లకు చేయించే ముందు ఇవి చూడండి.

• గత నెలలో గుండెపోటు వచ్చిందా? కూర్చున్నప్పుడే ఛాతీ నొప్పి వస్తోందా? అయితే పరీక్ష వద్దు.

• పది నిమిషాలు కూర్చోబెట్టి నాడి, రక్తపోటు చూడండి. నాడి 120, రక్తపోటు 180/100 దాటితే ముందు డాక్టరును అడగాలి.

• మోకాళ్లు, వెన్ను. నల్లగొండలో దీన్ని అసలు మరవకూడదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినవారిని 30 సెంటీమీటర్ల మెట్టును నిమిషానికి 24 సార్లు ఎక్కి దిగమనడం అన్యాయం. వాళ్లకు నడకే మేలు. అదీ తక్కువ దూరమే నడిస్తే తప్పు గుండెది కాకపోవచ్చు, కీళ్లది కావచ్చు. ఆ మాట కాగితంపై దూరం పక్కనే రాయండి.

• బీటా బ్లాకర్ మాత్రలు (రక్తపోటుకు, గుండె జబ్బుకు ఇచ్చే, నాడి వేగాన్ని తగ్గించే మందులు) వాడేవారి నాడి అంతగా పెరగదు. మెట్టు పరీక్షలో వారి ఫలితం ఉన్నదానికన్నా మెరుగ్గా కనబడుతుంది. అలాగని మాత్ర మానిపించవద్దు.

• వేసవిలో ఆరుబయట అయితే తెల్లవారగానే కానివ్వండి. చదునుగా 30 మీటర్లున్న బడి వరండా దొరికితే ఇంకా మంచిది. జారే చెప్పులు వద్దు, చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోమనండి.

• పక్కన కలిసి నడవకండి, వాళ్ల వేగం మారిపోతుంది. కుర్చీ దగ్గరలో ఉంచండి. ఛాతీ నొప్పి, తల తిరుగుడు, చల్లని చెమట కనిపిస్తే వెంటనే ఆపి కూర్చోబెట్టి, 108కి ఫోను చేయండి.