వాన పడిందని నిప్పుల డ్రమ్మును గదిలోకి లాగకండి

కార్తీకం ముగిసింది. నెల రోజులు నోరు కట్టుకున్నవాళ్లంతా ఇప్పుడు తోటల దారి పడతారు. శనివారం మన వైపు చాలామంది ముట్టరు కాబట్టి, ఆదివారం సాయంత్రమైతే చంద్రగిరి నుంచి పూతలపట్టు దాకా మామిడితోటల్లో పొగలే పొగలు. సగానికి కోసిన డ్రమ్ములో మేక తొడ, ఒక చేతిలో బీరు, ఇంకో చేతిలో సిగార్. చేసుకోండి, ఎవరూ వద్దనరు. మంట దగ్గర జాగ్రత్త, పిల్లలు జాగ్రత్త లాంటివి మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను.

మొన్న మా పక్క ఊరి తోటలో ముగ్గురు కుర్రాళ్లు ఆసుపత్రి పాలయ్యారు. జల్లు మొదలైందని డ్రమ్మును మోటరు గదిలోకి లాక్కున్నారు. చలిగా ఉందని తలుపు వేశారు. వాళ్లలో ఒకడు తల నొప్పి అని గోడకు ఆనుకుని కూర్చుంటే, మిగతావాళ్లు నవ్వి, చెంబుతో మజ్జిగ తాగించి చాప మీద పడుకోబెట్టారట. కాసేపటికి వాళ్లకీ తల తిరిగింది. కాపలా ముసలాయన వచ్చి తలుపు తోసి ఉండకపోతే ముగ్గురూ దక్కేవారు కాదు.

ఈ తప్పు ఎలా జరుగుతుందో చూడండి. పొగలో తొడ మగ్గాలంటే 110 డిగ్రీల వేడిలో నాలుగైదు గంటలైనా పడుతుంది. ఐదింటికి మొదలుపెడితే ఏడున్నరకి ఇంకా సగంలోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే వాన. మనవి ఈశాన్య రుతుపవనాల వానలు, డిసెంబరులోనూ వదలవు. సగం ఉడికిన మాంసాన్ని వదలడానికి మనసొప్పదు. పొగ తగ్గింది, నిప్పులే కదా అని లోపలికి లాగుతారు.

పొగ తగ్గాకే అసలు ప్రమాదం. పచ్చి కట్టె పొగైతే కళ్లు మండి మనమే బయటికి పరుగెడతాం. కణకణలాడే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత వికారం, మత్తు, కాళ్లు తేలిపోవడం. నాలుగు బీర్లు తాగినవాడికీ అవే లక్షణాలు! అందుకే పక్కవాడు పోతున్నా 'వీడికి ఎక్కువైంది' అనుకుంటాం. సిగార్ పొగతో ఆ గ్యాస్ కొంత ముందే ఒంట్లో చేరి ఉంటుంది. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెట్టి 98 చూపించిందని ఊరుకోకండి. ఏది ఆక్సిజన్ పట్టుకున్న రక్తమో, ఏది ఈ గ్యాస్ పట్టుకున్న రక్తమో అది తేల్చలేదు.

కాబట్టి నిప్పు గదిలోకి రాకూడదు. కొట్టంలోకి, మేడ మీది మెట్ల గదిలోకి, కారు డిక్కీలోకి కూడా. హార్స్‌లీ హిల్స్ చలికి టెంటులో కుంపటి పెట్టుకోవడమూ ఇదే తప్పు. కిటికీ తెరిచామంటారు. చాలదు. వాన వస్తే డ్రమ్ము మూత వేసి, గాలి రంధ్రాలు మూసి, అక్కడే వదిలేయండి. మాంసాన్ని ఇంటికి తెచ్చి కుక్కర్లో నాలుగు విజిల్స్ వేయిస్తే పోయేదేమీ లేదు.

ఎవరికైనా తల తిరిగితే ముందు అందరూ బయటికి రండి. 108కి ఫోన్ చేయండి. మజ్జిగ, నిమ్మరసం వద్దు, కావలసింది ఆక్సిజన్. డాక్టరుతో తాగాడని మాత్రమే చెప్పి ఆగిపోకండి, బొగ్గులున్న గదిలో కూర్చున్నాడని చెప్పండి.

డ్రమ్ము విషయం. పాత ఇనుము అంగడిలో కొనేటప్పుడు అందులో ముందు ఏముండేదో అడగండి. పురుగుమందు, థిన్నర్ డ్రమ్ములు ఎంత కడిగినా వద్దు. జింకు పూత ఉన్నది కాలితే ఆ పొగకు జ్వరం వస్తుంది. కట్టెకు మామిడి, జామ, చింత చాలు. గన్నేరు కొమ్మ విషం, పుల్లగా గుచ్చడానికి కూడా వాడకండి. రంగేసిన చెక్క, ప్లైవుడ్ వద్దు.

కోడి లోపల 74 డిగ్రీలు చేరాలి. మాంసం థర్మామీటర్ మీ బీరు ఖర్చులో సగం కూడా ఉండదు, కొనండి. ఉడికినదాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకండి. పచ్చి మాంసం పెట్టిన పళ్లెంలోనే వండినది పెట్టకండి.

ఆరిపోతున్న నిప్పు మీద పెట్రోలు పోయకండి. శానిటైజర్ కూడా.

సిగార్ ముక్కను ఎండు మామిడాకుల్లోకి విసరకండి, నీళ్ల డబ్బాలో వేయండి.

శేషాచలం అడవి అంచున పొయ్యి పెట్టకండి. కేసు సంగతి తర్వాత, గడ్డి అంటుకుంటే ఆపేదెవరు?

కట్టెల మోపులో చీకట్లో చెయ్యి పెట్టకండి, టార్చ్ వేయండి.

నిప్పు చూసేవాడు తాగకూడదు. ఒక్కడైనా.

మళ్లీ చెబుతున్నా, డ్రమ్ము లోపలికి రాకూడదు. చల్లారిందనుకున్నా రాకూడదు. బూడిద కింద నిప్పు తెల్లారేదాకా ఉంటుంది, నీళ్లు పోసి కలిపి, మళ్లీ పోయండి.

తాగినవాడికి బండి తాళం ఇవ్వకండి.

మర్నాడు కొండకు వెళ్లే కారులో మిగిలిన సీసా, సిగార్ డబ్బా ఉన్నాయేమో చూసుకోండి, అలిపిరిలో తనిఖీ చేస్తారు.