పెట్రోల్ ముల్లు కదలడం లేదా? మీటర్ కొనే ముందు ఒక్క వైరు పీకి చూడండి

పాత కారున్న ఇంట్లో పెట్రోల్ ముల్లును ఎవరూ నమ్మరు. "అది అలాగే చూపిస్తుంది, పట్టించుకోకండి" అని చెప్పి మరీ తాళం చేతిలో పెడతారు. నా కారులో ఒక వానాకాలం ముల్లు ‘E’ (ఖాళీ) గుర్తు దగ్గర పడిపోయింది, ట్యాంకు నిండా కొట్టించినా లేవలేదు. షెడ్డులో "ట్యాంకులో యూనిట్ పోయింది సార్, మార్చాల్సిందే" అన్నారు. మార్పించాను, డబ్బులు పోయాయి, ముల్లు మాత్రం ఎక్కడిదక్కడే. చివరికి చూస్తే ఎర్త్ వైరును బాడీకి బిగించిన స్క్రూ కింద తుప్పు! ఎమరీ పేపరు ముక్కతో రెండు నిమిషాలు రుద్దితే ముల్లు లేచి కూర్చుంది. అందుకే చెబుతున్నా, ఏ సామానూ కొనకముందు తప్పు ట్యాంకు వైపు ఉందా డ్యాష్‌బోర్డు వైపు ఉందా తేల్చుకోండి.

లోపల ఉన్నది పెద్ద విద్యేమీ కాదు. ట్యాంకులో ఒక ఫ్లోట్ తేలుతుంటుంది, దానికో సన్న కడ్డీ, ఆ కడ్డీ రెండో చివర చిన్న రేకు ఒకటి రెసిస్టెన్స్ పట్టీ మీద అటూ ఇటూ పాకుతుంటుంది. షెడ్డువాళ్లు యూనిట్ అన్నది దీన్నే. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే గుండీ ఉంటుంది చూడండి, లోపల అదే సరుకు. అరిగిపోయిన గుండీ తిప్పితే గరగరమన్నట్టే, పట్టీ అరిగితే ముల్లు గంతులేస్తుంది, లేదా అర ట్యాంకు దాకా బుద్ధిగా ఉండి అక్కడి నుంచి ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. ఇలా గంతులేస్తుంటే ముందు యూనిట్‌నే అనుమానించండి.

మొదట ఇంజిన్ వేడి చూపించే ముల్లును గమనించండి. రెండు ముళ్లూ కలిసి తప్పు చూపిస్తుంటే ట్యాంకు జోలికి పోనక్కర్లేదు, ఫ్యూజు, మీటర్ల వెనక ఎర్త్, మరీ పాత బండ్లలో అయితే మీటర్లకు సమంగా కరెంటు ఇచ్చే వోల్టేజ్ స్టెబిలైజర్ చూడాలి. పెట్రోల్ ముల్లు ఒక్కటే మొరాయిస్తుంటే అసలు పరీక్షకు రండి.

చాలా చిన్న కార్లలో వెనక సీటు కుషన్ ఎత్తితే కింద ఒక రేకు మూత ఉంటుంది, కొన్నింటిలో డిక్కీ కార్పెట్ కింద ఉంటుంది, అదృష్టం బాగోకపోతే ట్యాంకే దించాలి. మూత తీస్తే యూనిట్ మీదికి వచ్చే కనెక్టర్ కనిపిస్తుంది. కార్బ్యురేటర్ బండి అయితే సాధారణంగా రెండు వైర్లు, ఒకటి మీటరుకు పోయేది, ఇంకోటి ఎర్త్, రిజర్వ్ లైటుంటే మూడోది. ఇంజెక్షన్ బండి అయితే పెట్రోల్ పంపు వైర్లు కూడా అక్కడే ఉంటాయి, వాటిని ముట్టుకోకండి. పెట్రోల్ వాసన గుప్పుమంటే పని అక్కడే ఆపేయండి, ముందు లీకు సంగతి చూడాలి.

తాళం ఆఫ్‌లో పెట్టి కనెక్టర్ పీకండి, తర్వాత తాళం ఆన్ చేసి ముల్లు ఎక్కడుందో చూడండి. మళ్లీ ఆఫ్ చేయండి. ఇప్పుడు మీటరుకు పోయే వైరు కొసకు చిన్న 12 వోల్టుల డ్యాష్‌బోర్డు బల్బు తగిలించి, బల్బు రెండో కొస బాడీ ఇనుముకు గట్టిగా బిగించి, అప్పుడు తాళం తిప్పండి. బల్బు లేకుండా నేరుగా తగిలిస్తే కొన్ని మీటర్లు కాలిపోతాయి. తాళం ఆన్‌లో ఉండగా వైరు తగిలిస్తే నిప్పురవ్వ వస్తుంది, ట్యాంకు పక్కన మనకు అక్కర్లేనిది అదొక్కటే, అందుకే ఈ వరస. పాత మీటర్లు బద్ధకంగా కదులుతాయి, అర నిమిషం ఆగండి. చాలా బండ్లలో వైరు పీకితే ముల్లు ‘E’ వైపు, ఇలా బాడీకి ఎర్త్ చేస్తే ‘F’ (ఫుల్) వైపు పోతుంది, కొన్నింటిలో తిరగబడి ఉంటుంది. ఎటు పోయినా, చివరిదాకా పోకపోయినా, బాగా కదిలితే మీటరూ ఫ్యూజూ వైరూ బాగున్నట్టే, తప్పు ట్యాంకు వైపు. అసలు కదలకపోతే మీటర్ గానీ మధ్యలో వైరు గానీ. కనెక్టర్ పీకినా ముల్లు ‘F’ దగ్గరే అతుక్కుపోయిందంటే వైరు ఎక్కడో ఒలిచిపోయి బాడీకి తగులుతుండొచ్చు, తలుపు కింద కార్పెట్ ఎత్తి చూడండి. ఎలుకలున్న ఇల్లయితే ఇంకేం చెప్పాలి.

తప్పు ట్యాంకు వైపే అని తేలినా వెంటనే యూనిట్ ఊడదీయకండి. తాళం ఆఫ్‌లోనే ఉంచి, ఎర్త్ వైరుకూ బాడీకీ మధ్య మల్టీమీటర్‌ను ఓమ్స్ (రెసిస్టెన్స్ కొలత) మీద పెట్టండి. ఒక ఓమ్ లోపు ఉండాలి, ఎక్కువ చూపిస్తే నా కథే మీ కథ. కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము ఉంటే అదీ శుభ్రం చేయండి.

ఇక యూనిట్ తీయాల్సిందే అంటే, ట్యాంకు పావు వంతుకు తగ్గాక ఆరుబయట తీయండి. బ్యాటరీ నెగెటివ్ ఊడదీయాలి, చుట్టుపక్కల బీడీ, సిగరెట్, స్టవ్ ఏదీ ఉండకూడదు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది, కాబట్టి దూరంగా ఉందిలే అనుకోవద్దు. స్క్రూలు విప్పేముందు చుట్టూ ఉన్న దుమ్ము బ్రష్షుతో తుడవకపోతే అదంతా ట్యాంకులోకే.

బయటికి తీసి ఫ్లోట్ చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల గలగలమంటే చిల్లు పడి పెట్రోల్ తాగిందని అర్థం, ఇక అది తేలదు. కడ్డీని మెల్లగా ఎత్తుతూ మల్టీమీటర్‌లో ఓమ్స్ చూడండి. పాత జపాన్ డిజైన్ కార్లలో ఎక్కువగా ఖాళీ దగ్గర వంద పైచిలుకు, ఫుల్ దగ్గర పది లోపు ఉంటుంది, యూరప్ బండ్లలో తరచూ దీనికి తలకిందులు. అంకె కంటే ముఖ్యం, మధ్యలో ఎక్కడా తెగకుండా సాఫీగా మారాలి. మురికే అయితే కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు కాంటాక్టులు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి మెత్తటి గుడ్డతో తుడవండి. పట్టీ మీద మాత్రం ఎమరీ పేపరు వద్దు, ఉన్న పూతా పోతుంది. బిగించేటప్పుడు యూనిట్ కింద కొత్త రబ్బరు ప్యాకింగ్ వేయండి, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరుకు అది పడదు. ప్యాకింగ్ బదులు మామూలు సిలికాన్ పూస్తే పెట్రోల్‌కు అది ఉబ్బి ఊడొస్తుంది.

అన్నీ అయ్యాక ముల్లు ‘E’ దగ్గరికి వచ్చేదాకా నడపండి, దూరం మాత్రం వద్దు, ఇంటి చుట్టుపక్కలే, డిక్కీలో ఒక డబ్బా కూడా సిద్ధంగా పెట్టుకోండి. అప్పటి నుంచి బంకులో ఐదేసి లీటర్లు కొట్టిస్తూ, ప్రతిసారీ ముల్లు ఎక్కడ నిలిచిందో ఒక చీటీ మీద గీసుకోండి. నా చీటీ ఇప్పటికీ సన్ వైజర్ వెనక ఉంది.