ల్యాప్‌టాప్ ఛార్జింగ్ – 3వ పాఠం: గోడ నుంచి బ్యాటరీ దాకా తప్పు వెతకడం

ఛార్జర్ పెడితే లైటు వెలగదు. లేదా లైటు వెలుగుతుంది గానీ శాతం కదలదు. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా కొత్త బ్యాటరీ ఆర్డరు పెట్టేస్తారు. నిజానికి అది అన్నిటికంటే చివర చెయ్యాల్సిన పని. పంట కాలవలో నీళ్లు రాకపోతే లాకు దగ్గర్నుంచి చూసుకుంటూ వస్తాం గానీ, ముందే చేలో బోరు వేయించం కదా. ఇక్కడా అంతే. కరెంటు వచ్చే దారి ఇది: స్విచ్చిబోర్డు, పవర్ కార్డు, అడాప్టర్, దాని నుంచి వచ్చే సన్న వైరు, పిన్ను, ల్యాప్‌టాప్ జాక్, లోపలి బోర్డు, ఆఖరున బ్యాటరీ. వెతకడం కూడా ఈ వరసలోనే.

అడాప్టర్ లేబుల్ చదవడం గత పాఠంలో చూశాం. ఒక్క ముక్క మళ్లీ గుర్తుచేసుకుని ముందుకు వెళ్దాం. వోల్టులు ల్యాప్‌టాప్ అడిగినన్నే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉన్నా, ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ ఉండకూడదు. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణిస్తే 65 వాట్లు.

ఈ పాఠానికి కావలసినవి: కొన్ని వందల్లో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్, టార్చిలైటు, చెక్క టూత్‌పిక్, కాస్త దూది, ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్.

ముందు ఒక ప్రశ్న

ఛార్జర్ పెట్టినప్పుడు స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు పక్కన ప్లగ్గు బొమ్మ వస్తోందా? రాకపోతే ల్యాప్‌టాప్‌కి కరెంటే అందడం లేదు, తప్పు చాలావరకు జాక్‌కి ఇవతలో జాక్ దగ్గరో ఉంటుంది. ప్లగ్గు బొమ్మ వచ్చి, పక్కన ఛార్జ్ కావడం లేదని చూపిస్తే కరెంటు లోపలికి వస్తోంది, బ్యాటరీకి వెళ్లడం లేదు. ఈ రెంటినీ కలగలిపేయడం వల్లే అనవసరమైన ఖర్చులు అవుతాయి. మొదటి రకమైతే ఇక్కడి నుంచి చదవండి. రెండో రకమైతే డెల్, హెచ్‌పీ పిన్ను మధ్యలో ఉండే సూది సంగతి ఒకటి (అడాప్టర్‌ని కొలవడం అనే భాగంలో ఉంది) చూసుకుని, నేరుగా అభ్యాసానికి ముందున్న రెండు భాగాలకు వెళ్లిపోవచ్చు.

గోడ దగ్గర

అదే సాకెట్‌లో టేబుల్ ఫ్యాను పెట్టి చూడండి. ఫ్యాను తిరిగినా, అడాప్టర్ ప్లగ్గు వదులుగా ఊగుతుంటే సాకెట్ లోపలి రేకు పట్టు సడలిందన్నమాట. పాత ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో ఇది మామూలే. ఎక్స్‌టెన్షన్ తీసేసి నేరుగా గోడకి పెట్టి ఇంకోసారి చూడాలి. అడాప్టర్‌లోకి వెళ్లే లావు పవర్ కార్డు విడిగా ఊడి వచ్చేదే అయితే, అలాంటి మూడు రంధ్రాల కార్డు ఇంకోటి తెచ్చి పెట్టి చూడటం నిమిషం పని.

లో వోల్టేజీ గురించి మన వైపు భయం ఎక్కువ. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రాత్రిపూట రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా తిరిగితే ఇళ్లలో ఫ్యాన్లు నీరసపడతాయి. ల్యాప్‌టాప్‌కి మాత్రం దాంతో పెద్ద పేచీ లేదు. లేబుల్ మీద ఇన్‌పుట్ దగ్గర 100–240 వోల్టులు అని ఉంటుంది చూడండి. 230 రావలసిన చోట 170 వచ్చినా అడాప్టర్ తన 19.5 వోల్టులు తాను ఇస్తూనే ఉంటుంది. కాబట్టి ల్యాప్‌టాప్ కోసం స్టెబిలైజర్ కొనడం దండగ.

అసలు ప్రమాదం వోల్టేజీ ఎక్కువైనప్పుడు. గాలివానలో లైను మీద న్యూట్రల్ తెగితే, 230 రావలసిన ఇంట్లోకి 300 వోల్టులు దాటి కూడా రావచ్చు, ఎందుకంటే రెండు ఫేజుల మధ్య ఉండేది సుమారు 415. అడాప్టర్ లోపలి కెపాసిటర్ అది తట్టుకోదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల రోజుల్లో గాలి మొదలవగానే ప్లగ్గు పీకెయ్యండి. స్విచ్చి కట్టేస్తే సరిపోదు, పిడుగు పడితే వచ్చే వోల్టేజీ స్విచ్చి సందును దాటేయగలదు. కరెంటు తిరిగొచ్చాక ముందు ఒక బల్బు వేసి చూడండి. ఎప్పటికన్నా తీక్షణంగా వెలిగినా, ఫ్యాను ఒకటో నంబరు మీదే గిరగిరా తిరిగినా మెయిన్ ఆపేసి 1912కి ఫోన్ చెయ్యాలి. వరద నీళ్లో మునిగిన అడాప్టర్‌ని ఎండబెట్టి మళ్లీ వాడే ఆలోచన వద్దే వద్దు.

ఇన్వర్టర్ మీద పెట్టుకోవచ్చు. 65 వాట్ల అడాప్టర్ గోడ నుంచి లాగేది 75 వాట్లకు అటూ ఇటూ, అదీ పూర్తి లోడు మీద. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే అడాప్టర్ సన్నగా గుయ్‌మంటుంది, కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, అంతే.

చెయ్యి పెడితే జివ్వుమంటోందా

రేకు బాడీ ఉన్న ల్యాప్‌టాప్ మీద మణికట్టు ఆనిస్తే సన్నగా జివ్వుమంటుంది. ల్యాప్‌టాప్ పాడైందని దీన్ని షాపుకి తీసుకెళ్లే వాళ్లున్నారు. అడాప్టర్ లోపల ఫిల్టర్ కెపాసిటర్ల గుండా అతి తక్కువ కరెంటు బాడీ మీదకి వస్తుంది. అది ఎర్త్‌లోకి పోవాలి, పోవడానికి దారి లేక మన ఒంట్లోంచి పోతోంది. మల్టీమీటర్‌ని ఏసీ 750 దగ్గర పెట్టి సాకెట్‌లో కొలవండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపుల్లో, ఫేజుకీ పైన ఉండే పెద్ద రంధ్రానికీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. రెండోది సున్నా వచ్చినా, అంకె నిలబడకుండా తిరుగుతున్నా ఎర్త్ లేదు. కొలిచేటప్పుడు ప్రోబుల లోహపు మొనలకు వేళ్లు తగలకూడదు, కాళ్లకి చెప్పులుండాలి.

డెల్టాలో నేలలో తడికి కొదవ లేదు, ఎర్త్ రాడ్డు పాతితే బాగానే పనిచేస్తుంది. చాలా ఇళ్లలో లోపం నేలలో కాదు, స్విచ్చిబోర్డులో ఉంటుంది. ఆకుపచ్చ వైరు సాకెట్‌కి కలపకుండా వదిలేస్తారు. అది ఎలక్ట్రీషియన్ చేత కలిపించండి, బోర్డు విప్పడం ఈ పాఠంలో భాగం కాదు. ఎక్స్‌టెన్షన్‌లో పట్టడం లేదని మూడో పిన్ను విరగ్గొట్టడం మాత్రం ఎవరూ చెయ్యకూడని పని.

అడాప్టర్‌ని కొలవడం

గుండ్రటి పిన్ను ఉన్న అడాప్టర్లకే ఈ పద్ధతి. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల వైపు తిప్పండి. 19.5 వోల్టులైతే 20 అంకె దగ్గర పెట్టినా చూపిస్తుంది. కానీ 20 వోల్టుల అడాప్టర్‌కి అక్కడ ఉత్త 1 మాత్రమే కనపడి మీటరు పాడైందనిపిస్తుంది. ముందే 200 దగ్గర పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. అడాప్టర్ గోడకి పెట్టి, ఎర్ర ప్రోబు పిన్ను లోపలి గోడకి, నల్లది బయటి గోడకి ఆనించాలి. లేబుల్ మీద ఉన్న అంకెకి నూటికి ఐదు అటూ ఇటూగా రావాలి. 19.5 రాసి ఉంటే 18.5 నుంచి 20.5 లోపు. ప్రోబులు రెండూ ఒకదానికొకటి తగిలితే అడాప్టర్ రక్షణ కోసం ఆగిపోతుంది. ప్లగ్గు పీకి ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి.

డెల్, హెచ్‌పీ పిన్నుల మధ్యలో సూదిలాంటిది ఉంటుంది. అది కరెంటు ఇచ్చే తీగ అనుకుని ఎర్ర ప్రోబు దానికే పెట్టి, లేబుల్ మీది అంకె రావడం లేదని మంచి అడాప్టర్‌ని పారేస్తుంటారు. ఆ సూది పని వేరు. ఈ అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పడానికే అది ఉంది. ఆ కబురు అందకపోతే ల్యాప్‌టాప్ అడాప్టర్‌ని నమ్మదు. కరెంటు తీసుకుని నడుస్తుంది గానీ బ్యాటరీని ఛార్జ్ చెయ్యదు, పైగా ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. డెల్‌లో అయితే ఆన్ చెయ్యగానే అడాప్టర్ రకం గుర్తించలేకపోయామని ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వస్తుంది. ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలయ్యేలోపు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్తే, బ్యాటరీ సమాచారం ఉన్న పేజీలో అడాప్టర్ ఎన్ని వాట్లదో కనపడాలి. అక్కడ తెలియదని ఉంటే సూది వంగిందో, సన్న వైరులో మూడో పోగు తెగిందో చూడాలి. మీటరు 19.5 చూపిస్తూనే ఈ లోపం ఉంటుంది, అందుకే ఇది అంత తేలిగ్గా దొరకదు.

సన్న వైరు ఎక్కువగా తెగేది రెండు చోట్ల: అడాప్టర్ పెట్టెలోంచి బయటికొచ్చే చోట, పిన్ను మెడ దగ్గర. మీటరు పెట్టి ఉంచి, ఇంకొకరిని ఆ రెండు చోట్లా వైరుని మెల్లిగా వంచమనండి. అంకె సున్నాకి పడి లేస్తుంటే అక్కడే తెగింది. తెగిన చోట మెలిపెట్టి టేపు చుడితే కొన్నాళ్లు నడుస్తుంది, కానీ మూడు నాలుగు ఆంపియర్లు పోయే ఆ అతుకు వేడెక్కి టేపు కరుగుతుంది. పిన్నుతో సహా కొత్త వైరు వేసి టంకం పెట్టించడం, లేదా అడాప్టరే మార్చడం మేలు.

ఇంకో లక్షణం: గోడకి పెడితే అడాప్టర్ లైటు వెలుగుతుంది, ల్యాప్‌టాప్‌కి పెట్టగానే ఆరిపోతుంది. అదే రకం మంచి అడాప్టర్ అరువు తెచ్చి పెట్టి చూడండి. దాని లైటు నిలబడితే మీ అడాప్టర్ లోడు మొయ్యలేకపోతోంది. దానిదీ ఆరిపోతే ల్యాప్‌టాప్ బోర్డులో షార్టు ఉంది. అక్కడితో ఆపి సర్వీసుకి ఇవ్వాలి, మూడో అడాప్టర్ పెట్టి చూడక్కర్లేదు.

యూఎస్‌బీ-సీ ఛార్జర్ల విషయానికొస్తే మీటరుతో కొలిచి లాభం లేదు. అవతల ఏదైనా తగిలించి మాట్లాడుకునేదాకా అది వోల్టేజీ బయటికి వదలదు. ఫోన్ ఎక్కుతోంది కదా అని ఛార్జర్ మంచిదనుకోకూడదు, ఫోన్‌కి 5 వోల్టులో 9 వోల్టులో చాలు, ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా 20 అడుగుతాయి. కేబుల్ కూడా చూసుకోవాలి. మామూలు సీ-టు-సీ కేబుల్ 3 ఆంపియర్లే మోస్తుంది, అంటే 60 వాట్లు. అంతకుమించి కావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి, దాని పిన్నులో చిన్న చిప్ ఉంటుంది. ఇక సీ రంధ్రాలు రెండున్నప్పుడు కొన్ని మోడళ్లలో ఒకటే ఛార్జింగ్ తీసుకుంటుంది.

జాక్

అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం తీరం వైపు ఉప్పుగాలికి లోహాలు త్వరగా చెడతాయి. టార్చి వేసి జాక్‌లోకి చూడండి. పచ్చటి పొడి కనపడితే ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసి, టూత్‌పిక్‌కి దూది చుట్టి ఆల్కహాల్‌లో తడిపి తుడవాలి. దూది నీళ్లోడుతున్నట్టు ఉండకూడదు, తడి తగిలితే చాలు. తుడిచాక పది నిమిషాలు ఆరనివ్వండి. కొబ్బరి నూనె, పెట్రోలు లాంటివి దగ్గరికి రానివ్వకండి. సీ రంధ్రంలో అయితే బట్టపీచు, దుమ్ము కూరుకుపోయి పిన్ను పూర్తిగా లోపలికి దిగదు. ఉత్త టూత్‌పిక్‌తో అంచుల వెంబడి మెల్లిగా తీయాలి, మధ్యలో ఉన్న సన్నటి నాలుకని కదపకూడదు. గుండుసూది వాడొద్దు.

అన్నీ బాగున్నా బండి కదలకపోతే

ఇంతవరకూ ఏ లోపమూ దొరకలేదా? అయితే లోపల పవర్‌ని నడిపే చిన్న కంట్రోలర్ చిక్కుపడి ఉండొచ్చు. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత ఛార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చెయ్యండి. ఆన్ అయితే ఆపి, బ్యాటరీ పెట్టి మళ్లీ చూడండి. ఖర్చు లేని పని కాబట్టి షాపుకి వెళ్లేముందు ఒకసారి చెయ్యాల్సిందే.

ఇక 60 దగ్గరో 80 దగ్గరో ఆగిపోతే అది లోపం కాదు. లెనోవో వాంటేజ్‌లో కన్జర్వేషన్ మోడ్, మైఆసుస్‌లో బ్యాటరీ కేర్, డెల్, హెచ్‌పీల బయోస్‌లో బ్యాటరీ సెట్టింగులు ఇందుకే ఉన్నాయి. రోజంతా ప్లగ్గులోనే ఉండే ల్యాప్‌టాప్‌కి 80 మీద ఆపడమే మంచిది. లిథియం బ్యాటరీని నిండుగా, వేడిగా ఉంచితే త్వరగా ముసలిదైపోతుంది. 97 దగ్గర ఛార్జ్ మొదలవకపోవడమూ మామూలే, చాలావాటిలో 95 కిందకి దిగితేనే మళ్లీ మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం పరుపు మీద పెట్టి వాడితే బ్యాటరీ వేడెక్కి ఛార్జింగ్ దానంతటదే ఆగుతుంది. బల్ల మీదకి మార్చి, ఫ్యాను కింద అరగంట ఉంచితే మళ్లీ ఎక్కుతుంది.

ఇప్పుడు బ్యాటరీ

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్ అనే మాటకి సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ కొట్టి, బ్యాటరీ రిపోర్ట్ అని ఖాళీ లేకుండా ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ నొక్కండి. నివేదిక ఎక్కడ దాచిందో అదే చెబుతుంది. అందులో రెండు అంకెలు ముఖ్యం: డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ. మొదటిది 42,000, రెండోది 25,200 అయితే బ్యాటరీ తన మొదటి సత్తాలో 60 శాతం మీద ఉంది. ఇంట్లో వాడుకోడానికి అది చాలు. సగానికి దిగాక, కరెంటు పోయినప్పుడు మీ పని ఆగిపోతుంటే మార్చండి. 40 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి ఆరిపోయేదైతే లోపల ఒక సెల్లు చచ్చిపోయి ఉండొచ్చు, శాతాల లెక్క చూడక్కర్లేదు.

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బింది. వెంటనే ఛార్జింగ్ ఆపి, ల్యాప్‌టాప్ ఆపెయ్యండి. నొక్కడం, గుచ్చడం, సొంతంగా పీకడం వద్దు, పొర చిరిగితే మంట పుడుతుంది. సర్వీసు వాళ్ల చేత తీయించి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చెయ్యాలి.

అభ్యాసం

మీ అడాప్టర్ లేబుల్ మీది వోల్టులు, మీటరు చూపించినవి పక్కపక్కన రాయండి. బ్యాటరీ నివేదికలోని రెండు అంకెలతో శాతం కట్టండి. తర్వాత ఈ లెక్క: హెచ్‌పీ ల్యాప్‌టాప్, మీటరు 19.4 వోల్టులు చూపిస్తోంది, స్క్రీన్ మీద ప్లగ్గు బొమ్మ ఉంది, 37 శాతం దగ్గర గంటసేపటి నుంచి కదలడం లేదు, ఛార్జర్ తీసేస్తే వేగంగా, పెడితే నత్తనడకగా నడుస్తోంది. తప్పు ఏ మెట్టు దగ్గర ఉంది, దాన్ని ఖాయం చేసుకోడానికి ముందుగా ఏ పరీక్ష చేస్తారు? జవాబుతో 4వ పాఠం మొదలవుతుంది. జాక్ మార్చడం కూడా అందులోనే, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి సిద్ధం చేసుకోండి.