పారదర్శకమైన గాజు వస్తువును త్రీడీ ప్రింట్ చేయడం ఎలా?

క్లియర్ రెసిన్‌తో (కాంతి పడితే గట్టిపడే పారదర్శక ద్రవం) ముద్రించినది గాజులా కనిపించినా ప్లాస్టిక్కే. అసలైన గాజుకు దారి 2017లో జర్మనీలోని కార్ల్‌స్రూహె పరిశోధకులు చూపించారు: సిలికా (గాజుకు మూలపదార్థం) నానో పొడి, అంటే అతి సన్నని పొడి, కలిపిన రెసిన్‌తో ముద్రించి, కొలిమిలో కాల్చడం. బెంగళూరులో ఇంట్లో రెసిన్ ప్రింటర్ ఉన్నవాళ్లు ఇందులో సగం పని తామే చేసుకోవచ్చు.

ముందు డిజైన్ పెద్దది చేయండి. రెసిన్‌లో సిలికా ఘనపరిమాణం 37.5 శాతం ఉంటే కాల్చాక ప్రతి కొలతా దాదాపు 28 శాతం తగ్గుతుంది. 20 మి.మీ. లెన్సు కావాలంటే సుమారు 27.8 మి.మీ.కి గీయాలి. గోడలు పలుచగా ఉంచండి. మందంగా ఉంటే కాల్చేటప్పుడు లోపల పుట్టే వాయువులు బయటికి రాలేక ముక్క పగులుతుంది.

ముద్రించేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి. రెసిన్ అమ్మినవాళ్లు చెప్పిన ద్రావకంతోనే కడిగి, నిదానంగా ఆరనివ్వండి.

అసలు పని ఇక్కడినుంచే. కొలిమి వేడిని చాలా మెల్లగా పెంచుతూ 600 డిగ్రీల సెల్సియస్‌కు తీసుకెళ్లాలి. ప్లాస్టిక్ అంతా కాలిపోయి, సుద్దముక్కలా తెల్లగా, పెళుసుగా ఉన్న సిలికా మిగులుతుంది. పాడైపోయిందని కంగారు పడకండి, ఈ దశలో అలాగే ఉండాలి. దాన్ని వాక్యూమ్ కొలిమిలో 1300 డిగ్రీల దగ్గర కాలిస్తే రేణువుల మధ్య సందులు మూసుకుపోతాయి. గాలి బుడగలు మిగలవు కాబట్టి కాంతి చెదరదు, ముక్క పారదర్శకమవుతుంది.

ఈ రెండు దశల మధ్య ఒట్టి చేత్తో మాత్రం ముట్టుకోకండి. చెమటలోని సోడియం చాలు, ఆ వేడిలో గాజు అక్కడక్కడ స్ఫటికాలుగా మారి తెల్లమచ్చలు పడటానికి. కొలిమిలోని మలినాలతోనూ ఇదే ప్రమాదం. అందుకే బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యాలో హీట్ ట్రీట్‌మెంట్ షాపులు ఉన్నాయి కదా అని ఉక్కు కాల్చే కొలిమిలో దీన్ని పెట్టించకండి. సిరామిక్స్, మెటీరియల్స్ ల్యాబ్ ఉన్న కాలేజీని అడగడం మేలు. శుభ్రమైన కొలిమితో పాటు కరెంటు పోయినా ఆగని బ్యాకప్ ఉందో లేదో కూడా కనుక్కోండి. మధ్యలో వేడి తప్పితే ముక్క దక్కడం కష్టం.

చివరికి పొరల గీతలు కనిపిస్తుంటే సీరియం ఆక్సైడ్‌తో (గాజును మెరుగుపెట్టే పొడి) పాలిష్ పట్టండి. లోపలి వంపుల్లోకి పాలిష్ అందదు. అందుకని కాంతి దాటాల్సిన ముఖాలు చెయ్యి అందేలా డిజైన్‌లోనే చూసుకోండి.