యుద్ధాన్ని పటం మీద చదవడం – 5వ పాఠం: దియన్ బియన్ ఫూలో మలుపు ఏ రోజు?

గత పాఠంలో 1781 నాటి యార్క్‌టౌన్ చూశాం. ఫ్రెంచి నౌకలు చెసపీక్ అఖాతాన్ని మూసేసిన రోజే బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ పని అయిపోయింది. లొంగిపోవడం మాత్రం ఆరు వారాల తర్వాత. ఇప్పుడు 1954, వియత్నాం. ఈసారి చిక్కుకుపోయింది ఫ్రెంచివాళ్లే, దియన్ బియన్ ఫూ లోయలో కట్టుకున్న కోటలో. చుట్టుముట్టింది స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న వియత్నాం సేన.

ఎ4 గ్రాఫ్ కాగితం నిలువుగా పెట్టుకోండి. 1 సెం.మీ. అంటే 1 కి.మీ. పొడవు 18, వెడల్పు 6 నుంచి 8 సెం.మీ. ఉండేలా లోయ గీయండి. చుట్టూ కొండలు. లోయ నడుమ ఉత్తర దక్షిణాలుగా 1 సెం.మీ. గీత రన్‌వే. దానికి ఉత్తరాన 4 సెం.మీ. దూరంలో గాబ్రియెల్, ఈశాన్యంలో బియాట్రిస్, వాయవ్యంలో ఆన్ మరీ, దక్షిణాన దాదాపు 5 సెం.మీ. దూరంలో ఇసబెల్ అనే స్థావరాలు గుర్తించండి. ఈ స్కేల్లో హనోయ్ మూడు మీటర్ల అవతల, మీ గది ఎదుటి గోడ దగ్గర పడుతుంది. తిండి, మందుగుండు, గాయపడినవాళ్ల తరలింపు, అన్నీ విమానాల మీదే. ఆ చిన్న గీతే కోటకు ఊపిరి.

ఇప్పుడు కంపాస్ 11 సెం.మీ.కి తెరిచి రన్‌వే మధ్య నుంచి వృత్తం గీయండి. వియత్నాం సేన దగ్గరున్న 105 మి.మీ. ఫిరంగి అంత దూరం కొడుతుంది. వృత్తం కాగితం అంచులు దాటిపోతుంది. చుట్టూ ఉన్న కొండలన్నీ దాని లోపలే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫిరంగులు కొండ వెనక ఉన్నట్టు గుర్తు పెడతారు. ఫ్రెంచి అధికారులు వేసుకున్న లెక్కా తప్పింది: ముందు ఆ కొండల మీదికి ఫిరంగులు ఎక్కించలేరు, ఎక్కించినా ఎదురు కాల్పులతో నోరు మూయించవచ్చని. వియత్నాం సేనాని జనరల్ జియాప్ మనుషులు రెండు టన్నులు దాటిన ఫిరంగిని తాళ్లతో అంగుళం అంగుళం లాగి, లోయకు ఎదురుగా ఉన్న వాలులోనే గుంతలు తవ్వి దాచారు. మీ గుర్తును లోయ వైపు వాలు మీదికి జరపండి.

తర్వాత తేదీల పట్టీ. మార్చి 13 నుంచి మే 7 దాకా 56 గళ్లు గీయండి. మొదటి రాత్రే బియాట్రిస్ పడింది, 15న గాబ్రియెల్, 17న ఆన్ మరీ. ఫ్రెంచి ఫిరంగి దళ అధిపతి పిరోత్ 15వ తేదీనే ప్రాణం తీసుకున్నాడు. మార్చి 28న రన్‌వే మీద దిగిన విమానం మళ్లీ లేవలేదు. ఆ తర్వాత ఇంకేదీ దిగలేదు. అది 16వ గడి. మిగిలిన 40 గళ్లూ పారాచూట్ల మీదే నడిచాయి. కోట కుంచించుకుపోయే కొద్దీ జారవిడిచిన సరుకులో కొంత శత్రువు చేతికే చిక్కింది.

కాబట్టి మలుపును చూపే ఎర్ర చుక్క కోట పడిపోయిన మే 7 దగ్గర పెట్టకండి. 16వ గడిలో పెట్టండి. ఇంకొకటి పట్టీకి బయట, ఎడమ వైపున: జనవరి 26. మెరుపుదాడికి అంతా సిద్ధమయ్యాక జియాప్ దాన్ని ఆపి, తెచ్చిన ఫిరంగులను వెనక్కి లాగించాడు. నా దృష్టిలో ఈ యుద్ధంలో అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం ఇదే. మే 7కి నీలి చుక్క చాలు. అది ఈ ఒక్క ముట్టడికి కాదు, ఇండోచైనా పోరాటం మొత్తానికి మలుపు, ఎందుకంటే మర్నాడే జెనీవాలో ఇండోచైనా మీద చర్చలు మొదలయ్యాయి.

అభ్యాసం: జనవరి 26నే దాడి జరిగిందనుకుని అదే పటం మళ్లీ గీయండి. ఫిరంగులను గుంతల్లో ఇంకా దాచనట్టు, రన్‌వే పనిచేస్తున్నట్టు పెట్టుకోండి. ఒక్కో స్థావరానికి ఎటు నుంచి సాయం అందుతుందో బాణాలతో చూపించండి.